రిపేరు బల్ల: సీసం ఉన్న సోల్డర్, సీసం లేని సోల్డర్ కలపొచ్చా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా సోల్డర్ గురించే, అంటే బోర్డు మీద భాగాల్ని అతికించడానికి కరిగించే లోహం గురించే. అడిగిన తీరు వేరు, భయం మాత్రం అందరిదీ ఒకటే: పాత రకం, కొత్త రకం కలిస్తే బోర్డు పాడైపోతుందా అని. అందుకని మిక్సీలు, ఫ్యాన్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకు నెట్టేసి, ఈ నెల దీని సంగతే చూద్దాం.

మా ఎల్‌ఈడీ టీవీ పవర్ బోర్డులో రెండు కెపాసిటర్లు ఉబ్బితే నేనే మార్చాను. నా దగ్గరున్నది పాత 60/40 తీగ. పని అయ్యాక చూస్తే బోర్డు మీద సీసం లేదన్న గుర్తు కనిపించింది. మా బావమరిది పాలిటెక్నిక్ చదివాడు, "రెండూ కలిపేశావు బావా, అది ఎప్పుడో ఒకప్పుడు ఊడి చేతికొస్తుంది" అంటున్నాడు. టీవీ మూడు నెలలుగా బాగానే నడుస్తోంది. మళ్లీ విప్పాలా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, తెనాలి

విప్పకండి. నడుస్తున్న టీవీని విప్పితే కొత్త జబ్బు తెచ్చుకోవడమే.

మీ బావమరిది చెప్పింది గాలి మాటేం కాదు, కాకపోతే ఆయన భయం ఫ్యాక్టరీలకు సంబంధించింది, మీ రెండు కెపాసిటర్లకు సంబంధించింది కాదు. మీ 60/40 తీగలో 60 వంతులు తగరం, 40 వంతులు సీసం. అది 183 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలై 190 వచ్చేసరికి పూర్తిగా నీరవుతుంది. సీసం లేని వాటిలో ఎక్కువగా వాడేది 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, అర శాతం రాగి కలిసిన రకం, అది కరగాలంటే 217 దాటాలి. చవక బోర్డుల్లో వెండి కూడా ఉండదు, తగరం, రాగి అంతే, దానికి 227 కావాలి. ఇప్పుడు ఈ రెండూ కలిస్తే ఏమవుతుందంటే, సుమారు 180 దగ్గర కొంత భాగం కరుగుతుంది, మిగతాది అప్పుడే కరగదు, వేడి పెరిగే కొద్దీ ఒక్కొక్కటిగా కలుస్తుంది. చల్లారేటప్పుడూ ఇదే వరస, వెనక నుంచి. అరిసెల పాకం పట్టిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: పాకానికీ గట్టి బెల్లానికీ మధ్య ఒక స్థితి ఉంటుంది, అప్పుడు కదిపితే ఇక అది అటూ కాదు ఇటూ కాదు. జాయింటు ఆ మధ్య స్థితిలో ఉన్నప్పుడు కెపాసిటర్ కాలు కదిలిందా, లోపల సన్నటి పగులు పడుతుంది. పైకి కనిపించదు. కాబట్టి అసలు ప్రమాదం కలవడంలో లేదు, సగం సగం కలవడంలో ఉంది.

మీరు సోల్డరింగ్ ఐరన్ పెట్టినప్పుడు పాతదీ కొత్తదీ మొత్తం ఒకే చుక్కగా నీరై, మెరుస్తూ కాలు చుట్టూ పాకిందా? అయితే నిశ్చింతగా ఉండండి. అనుమానం పడాల్సిన చోటు ఒక్కటే, కెపాసిటర్ మైనస్ కాలు. ఆ కాలు వెళ్లి కలిసేది వెడల్పాటి రాగి పట్టీలో, ఆ పట్టీ వేడిని గటగటా తాగేస్తుంది, పైన మీ 60/40 కరిగి చక్కగా కూర్చుంటుంది, రంధ్రం లోపలున్న పాతది మాత్రం కరక్కుండానే ఉండిపోతుంది. ఎప్పుడైనా టీవీ వేరే పనికి విప్పాల్సి వస్తే ఆ ఒక్క కాలూ చూడండి, చుట్టూ ఉంగరంలా గీత కనిపిస్తే మళ్లీ వేడి చేసి పాతదంతా సక్కర్‌తో (కరిగిన సోల్డర్‌ను పీల్చే గొట్టం) లాగేసి కొత్తది వేయండి. దానికోసమే ప్రత్యేకంగా విప్పొద్దు.

ఇకముందు మాత్రం ఒక అలవాటు చేసుకోండి: ముందు పాత సోల్డర్ తీసేయడం, తర్వాత మీది వేయడం. ఎంత తీసినా గోరు గీతంత మిగులుతుంది, ఆ మాత్రం మీ తీగలో కలిసిపోతుంది, పర్వాలేదు. తలకిందులైతేనే చిక్కు. సీసం లేని దాంట్లో చిటికెడు సీసం పడితే, చల్లారేటప్పుడు ఆ సీసమంతా చివర గట్టిపడే చోటికి, అంటే చాలాసార్లు సరిగ్గా ప్యాడ్ (బోర్డు మీద కాలు అతికే రాగి మచ్చ) అంచుకే చేరుతుంది. అక్కడ పలుచటి బలహీనమైన పొర తయారవుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు సోల్డర్ తొట్టిలో సీసం శాతం ఎప్పటికప్పుడు పరీక్ష చేయించేది ఈ కారణానికే. మీ బావమరిది చదివింది కూడా బహుశా ఇదే అయి ఉంటుంది, ఆయనకు నా నమస్కారం చెప్పండి.

బోర్డు మీద ఏ గుర్తూ లేకపోతే అందులో ఉన్నది సీసం సోల్డరా కాదా అని తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

మొదట వయసు చూడండి. యూరప్‌లో సీసాన్ని కట్టడి చేసిన రోహ్స్ నిబంధన 2006 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది, వస్తువులో వాడిన ఏ పదార్థంలోనూ సీసం 0.1 శాతం మించకూడదు, అంటే కిలో సోల్డర్‌లో 1 గ్రాము. మన ఈ-వేస్ట్ నిబంధనల్లోనూ తర్వాత అదే లెక్క పెట్టారు. ప్రపంచమంతటికీ ఒకే బోర్డు చేసే కంపెనీలు దేశానికో సోల్డర్ వాడవు కదా, అందుకే 2006 తర్వాత పెద్ద కంపెనీల నుంచి వచ్చిన బోర్డు చాలావరకు సీసం లేనిదే అనుకోండి. 1990ల టేప్ రికార్డరు, పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అయితే సీసమే. ఊళ్లో తయారైన స్టెబిలైజర్లు, చవక ఇన్వర్టర్లు మాత్రం ఏదైనా అయి ఉండొచ్చు.

గుర్తు ఉంటే పని తేలిక. గుండ్రటి గీతలో ఇంగ్లిష్‌లో పీబీ (సీసం గుర్తు) అని రాసి అడ్డంగా కొట్టేసి ఉంటుంది. కొన్నిటి మీద ఇంగ్లిష్ చిన్న 'ఈ' అక్షరం పక్కన ఒక అంకె ఉంటుంది: 1 ఉంటే తగరం, వెండి, రాగి రకం, 6 ఉంటే బిస్మత్ అనే లోహం ఉన్న రకం. ఈ 6 సంగతి గుర్తు పెట్టుకోండి, కింద జగిత్యాల ప్రశ్నలో వస్తుంది.

ఏమీ లేకపోతే సోల్డరింగ్ స్టేషన్‌ను 200 దగ్గర పెట్టి, జాయింటు నుంచి బ్లేడుతో చిన్న పొట్టు గీకి శుభ్రమైన బిట్ (ఐరన్ మొన) మీద వేయండి. వెంటనే కరిగి మెరిస్తే సీసం ఉన్నది. ఇసుక రేణువులా కూర్చుంటే లేనిది. బోర్డు మీదే పరీక్ష చేయకండి, బోర్డు వేడి లాగేసి మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఇంకో తమాషా ఏమిటంటే, సీసం లేదని రాసిన పరికరాల్లో కూడా కొన్ని పవర్ ట్రాన్సిస్టర్ల లోపల, చిప్‌ను అడుగు రేకుకు అతికించడానికి 85 శాతానికి పైగా సీసం ఉన్న సోల్డర్ వాడుకోవచ్చని ఆ నిబంధనలోనే మినహాయింపు ఉంది. అంత వేడికి తట్టుకునే వేరే సరుకు దొరక్క ఇచ్చిన మినహాయింపు అది.

మొబైల్ షాపు నడుపుతున్నాను. చార్జింగ్ కనెక్టర్ ఊడదీయాలంటే ముందు దాని కాళ్ల మీద సీసం సోల్డర్ పారించి, తర్వాత వేడిగాలి గన్ పెడతాను, తొందరగా వస్తుంది. ఈ మధ్య ఒకతను 138 పేస్ట్ వాడితే ఇంకా సులువు అన్నాడు, నిజంగానే సులువుగా ఉంది. వీటివల్ల తర్వాత ఏమైనా తిప్పలు ఉంటాయా?
– ఒక మొబైల్ మెకానిక్, జగిత్యాల

మొదటిది భేషైన పద్ధతి. నన్నడిగితే రెండు సోల్డర్లు కలపడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. 217 దగ్గర కరిగేదాన్ని 190కి దింపుతున్నారు, పక్కనున్న ప్లాస్టిక్‌కూ, ప్యాడ్‌కూ అంత వేడి తప్పినట్టే. కనెక్టర్ వచ్చాక ఫ్లక్స్ (సోల్డర్ చక్కగా పాకడానికి రాసేది) రాసి, రాగి అల్లిక తీగతో ప్యాడ్లన్నీ తుడిచేసి, మీరు రోజూ వాడే సోల్డర్ వేసుకోండి.

రెండోదానికి కొంచెం ఆగండి. 138 పేస్ట్ అంటే 58 వంతులు బిస్మత్, 42 వంతులు తగరం. తీయడానికి అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ బిస్మత్, తగరం, సీసం ఈ మూడూ ఒకచోట చేరాయంటే, వాటిలో కొంత భాగం 96 డిగ్రీలకే కరిగిపోతుంది. టీ నీళ్లు మరగకముందే! ఫోన్ అంత వేడెక్కదు కదా అంటారేమో, చార్జింగ్ కనెక్టర్ దగ్గర అంత వేడి రాదు నిజమే, కానీ కరగకపోయినా ఆ పొర పెళుసుగా ఉంటుంది, కేబుల్ రోజుకు నాలుగుసార్లు పీకి పెట్టే చోట పెళుసుదనం పనికిరాదు.

నా అనుభవమే చెబుతాను, ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఒక ఇన్వర్టర్ బోర్డు వచ్చింది, మాస్‌ఫెట్లు (ఒక రకం పవర్ ట్రాన్సిస్టర్లు) మార్చాలి. ఆరు కాళ్లు ఒకేసారి కదలడానికి బిస్మత్ సోల్డర్ పూసి తీశాను, హాయిగా వచ్చేశాయి. పొద్దుపోయింది, పైగా కరెంటు లేదని కస్టమర్ గొడవ, సరిగ్గా తుడవకుండానే 60/40 వేసి ఇచ్చేశాను. మే నెల. పది రోజులకు బోర్డు తిరిగొచ్చింది. లోడ్ పెట్టి పావుగంట నడిపి, స్విచ్ ఆపి, చెక్క పుల్లతో మాస్‌ఫెట్ కాలు కదిపితే నెయ్యి ముద్దలో పుల్ల తిరిగినట్టు తిరిగింది. హీట్‌సింక్ వేడి కాళ్ల గుండా జాయింటుకు వచ్చి చేరుతోందన్నమాట. అదృష్టం, షార్ట్ కాలేదు. డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాను.

అందుకని 138 వాడితే రెండుసార్లు తుడవండి. మొదట అల్లిక తీగతో తీసి, ఆ ప్యాడ్ల మీద మీ మామూలు సోల్డర్ కాస్త పారించి, దాన్నీ తీసేయండి. పాలగిన్నె కడిగినట్టు, ఒకసారి తొలిపి పారబోశాకే అసలు కడుగుడు. అప్పుడు కొత్తది వేయండి. బిట్ స్పాంజీ కూడా బిస్మత్‌కు వేరే పెట్టుకోండి. రెండంతస్తుల బోర్డు ఉన్న ఫోన్లలో రెండు బోర్డులు కలపడానికి 138 వాడుతున్నారు, ఎందుకంటే మళ్లీ విప్పేటప్పుడు లోపలి చిప్పులు కదలవు. అది వేరే సంగతి, అక్కడ కావాలనే వాడతారు. కానీ అక్కడ కూడా సీసం సోల్డర్ తగలనివ్వకూడదు, ఫోన్ కింద పడితే మొదట విడిపోయేది కూడా ఆ జాయింటే.

ఇంకో మాట. అడుగున కాళ్లకు బదులు సీసం లేని సోల్డర్ బంతులున్న చిప్‌ను 183 పేస్ట్‌తో, అంటే సీసం ఉన్నదాంతో కూర్చోబెడుతుంటే గన్ వేడి 183 దాటగానే ఆపేయకండి. పేస్ట్ కరుగుతుంది, బంతి కరగదు, చిప్ కూర్చున్నట్టే ఉంటుంది. బంతి కూడా కరిగి చిప్ ఒక్క వెంట్రుక వాసి కిందకి దిగడం కంటికి కనిపిస్తుంది, అప్పుడు ఆపాలి. లేదా పాత బంతులన్నీ తీసేసి రీబాల్ చేసుకోండి, అంటే కొత్త బంతులు వేసుకోండి.

మా కాలేజీ ల్యాబులో ఈ ఏడాది సీసం లేని తీగ ఇచ్చారు. ఎంత జాగ్రత్తగా చేసినా జాయింట్లు మసకగా, గరుగ్గా వస్తున్నాయి, సార్ డ్రై సోల్డర్ (సరిగ్గా అతకని జాయింటు) అని మార్కులు తీసేస్తున్నారు. టెన్షన్‌గా ఉంది. సీసం తీగ ఒక చుక్క పైన వేస్తే మెరుపు వస్తోంది. అలా చేయొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, అనంతపురం

వద్దు తల్లీ, అది పగిలిన గోడకు సున్నం వేసినట్టు. పైగా పైన అన్నాను చూడు, సీసం లేని దాంట్లో చిటికెడు సీసం అన్నిటికంటే చెడ్డ కలయిక, నువ్వు సరిగ్గా అదే చేస్తున్నావు.

సీసం లేని సోల్డర్ చల్లారాక సహజంగానే కాస్త మసకగా ఉంటుంది. మెరుపు చూసి మార్కులు వేయడం సీసం రోజుల నాటి అలవాటు. చూడాల్సింది అంచు. సోల్డర్ ప్యాడ్ మీదికీ, కాలి మీదికీ పలుచగా పాకి, వాలుగా దిగిందా, లేక తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడిందా? వాలుగా దిగితే మసకగా ఉన్నా మంచి జాయింటే. గుండ్రంగా నిలబడితే మెరిసినా పనికిరాదు. ఈ మాట మీ సార్‌కు మెల్లగా చెప్పు, లెన్సు కింద పెట్టి చూపించు, వాదించకు.

మరీ గరుగ్గా వస్తోందంటే వేడి చాలడం లేదేమో. సీసానికి 330 నుంచి 350 పెట్టేవాళ్లం, దీనికి 350 నుంచి 380 కావాలి. ల్యాబుల్లో ఉండే 25 వాట్ల ఐరన్ అయితే పెద్ద ప్యాడ్ దగ్గర చేతులెత్తేస్తుంది, అది నీ తప్పు కాదు. తగరం ఎక్కువున్న సోల్డర్ బిట్ మీది ఇనుప పూతను త్వరగా తినేస్తుంది కూడా, కాబట్టి పని అయ్యాక బిట్‌కు సోల్డర్ పూసి ఆపు, ఖాళీగా వేడి మీద వదలకు.

మాది గుంటూరు, పదిహేనేళ్లుగా జర్మనీలో ఉంటున్నాం. నాన్నగారు 1980ల్లో కొన్న ఆంప్లిఫయర్ తెచ్చుకున్నాను, దానికి కొన్ని జాయింట్లు మళ్లీ వేయాలి. ఇక్కడ దుకాణంలో సీసం లేని తీగే ఇచ్చారు. పాత సీసం బోర్డు మీద అది వేయొచ్చా?
– ఒక పాఠకుడు, స్టుట్‌గార్ట్

వేయొచ్చు, కానీ మీ ఆంప్లిఫయర్‌కు అది నచ్చదు. పాత ఫీనాలిక్ బోర్డులు, ఆ గోధుమ రంగువి, వాటి రాగి ప్యాడ్లు ఎక్కువ వేడికి లేచి వచ్చేస్తాయి. ప్యాడ్ లేచిందంటే ఆ తర్వాత తీగలతో అల్లుకోవాలి. పాత సోల్డర్ పూర్తిగా లాగేసి, కొత్తది వేసి, బిట్ మూడు సెకన్లకు మించి పెట్టకుండా చేయగలిగితే చేయండి. మిగిలిన సీసం గురించి అంత దిగులు అక్కర్లేదు, మీ ఆంప్లిఫయర్ ఏమీ రాకెట్‌లో ఎగరదు.

దుకాణంవాళ్లు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. యూరప్‌లో 2018 మార్చి నుంచి 0.3 శాతం, అంతకు మించి సీసం ఉన్న సరుకు మామూలు జనానికి అమ్మకూడదు, వృత్తిగా చేసేవాళ్లకే అమ్మాలి. కానీ 2006 జూలైకి ముందు మార్కెట్లోకి వచ్చిన పరికరాన్ని సీసం సోల్డర్‌తో రిపేరు చేయడాన్ని రోహ్స్ కాదనదు. అక్కడే ఆడియో రిపేరు చేసేవాళ్లకు ఇచ్చి చేయించుకోవడం మేలు. నాన్నగారి వస్తువు కదా, ప్రయోగాలు వద్దు.

రాకెట్ అన్నాను కాబట్టి ఒక్క ముక్క. అంతరిక్ష పరికరాల వాళ్లు ఇప్పటికీ సీసాన్ని వదలరు. వట్టి తగరం పూత నుంచి కాలం గడిచే కొద్దీ వెంట్రుక కంటే సన్నటి లోహపు మీసాలు మొలుస్తాయి, పక్క కాలును తాకి షార్ట్ చేస్తాయి. 1998 మేలో గెలాక్సీ 4 ఉపగ్రహం మూగబోయి అమెరికాలో కోట్ల పేజర్లు ఆగిపోయాయి, దానికి ఈ మీసాలే కారణమంటారు. తగరంలో 3 శాతం సీసం కలిపితే చాలు, మీసం దాదాపు మొలవదు. నాసా అంత మాత్రమైనా ఉండాలని పట్టుబట్టేది అందుకే.

మా ఆయన రాత్రిళ్లు భోజనాల బల్ల మీదే సోల్డరింగ్ చేస్తారు. మాకు మూడేళ్ల బాబు. సీసం పొగ పీలిస్తే ప్రమాదం కదా అంటే, "అందులో సీసం పొగ ఉండదు" అని కొట్టిపారేస్తున్నారు. ఎవరిది నిజం?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

పొగ విషయంలో ఆయనది, బాబు విషయంలో మీది.

సీసం ఆవిరి కావాలంటే 1749 డిగ్రీలు కావాలి, ఐరన్ 350 దగ్గర ఉంటుంది. ఆ పొగ తీగ లోపల ఫ్లక్స్‌గా ఉన్న రోజిన్ అనే చెట్టు బంకది. అలాగని అది అగరుబత్తీ పొగ కాదు, ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం తెస్తుంది, సీసం లేని తీగకైనా అదే పొగ. ఫ్యాన్ పెట్టి కిటికీ బయటికి పంపాలి.

సీసం శరీరంలోకి వెళ్లేది చేతి మీదుగా. తీగ పట్టుకున్న వేళ్లు, బిట్ దులిపినప్పుడు ఎగిరే చిన్న చిన్న పూసలు, స్పాంజీ మీది బూడిద, సక్కర్ నొక్కినప్పుడు బయటికొచ్చే పొడి. ఇవన్నీ రేపు పొద్దున మీరు ఇడ్లీ పళ్లెం పెట్టే బల్ల మీదే ఉంటాయి. మూడేళ్ల పిల్లాడు బల్ల అంచు నాకుతాడు, కింద పడిన పూసను నోట్లో పెట్టుకుంటాడు. ఒకే మోతాదు సీసం పొట్టలోకి వెళ్తే, పెద్దవాళ్ల ఒంట్లో చేరేదానికి నాలుగైదు రెట్లు పిల్లల ఒంట్లో చేరుతుంది, అది మెదడు ఎదుగుదల మీద పడుతుంది. ఇంత వరకు పర్వాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి బల్ల మార్చాలి. దీని మీద నేను బేరానికి రాను. వేరే గదిలో, తడిగుడ్డతో తుడవగలిగే పలక మీద చేయమనండి, చీపురుతో ఊడవొద్దు, పొడి లేస్తుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని ఆ తర్వాతే బాబును ఎత్తుకోవాలి. తీగను పళ్లతో పట్టుకునే అలవాటుంటే, మాలో చాలామందికి ఉండేది, అది ఈ రాత్రితోనే మానాలి. చాలాకాలంగా ఇలా నడుస్తుంటే పిల్లల డాక్టరును అడిగి బాబు రక్తంలో సీసం పరీక్ష ఒకసారి చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని లెక్క.

కొత్తగా నేర్చుకుంటున్నాను. ఏ తీగ కొనాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే 63/37 కొనండి, 0.8 మిల్లీమీటర్లది, రోజిన్ ఉన్నది. 60/40 కంటే కొంచెం ఖరీదు, కానీ అది 183 దగ్గర నీరు నుంచి నేరుగా గట్టిపడుతుంది, మధ్యలో ఆ పాకం దశ ఉండదు, చెయ్యి వణికే కొత్తవాళ్లకు అదే కావాలి. హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో చిన్న చుట్టలు కూడా దొరుకుతాయి. పిల్లలుంటే సీసం లేనిదే కొనుక్కుని, ఐరన్ మాత్రం వేడి అదుపు చేసుకునేది తీసుకోండి. రెండు రకాలూ ఇంట్లో ఉంటే చుట్టల మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకోండి, విప్పాక రెండూ ఒక్కలాగే ఉంటాయి. నవాసాగరం, యాసిడ్ ఫ్లక్స్ ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా బోర్డు దగ్గరికి రానివ్వకండి, అవి గిన్నెల కళాయికీ రేకు పనికీ. బోర్డు మీద పడితే ఆరు నెలల్లో రాగి పచ్చబడిపోతుంది.